తిరిగి ఇచ్చిన తాంబూలం

ఇప్పుడు నేను నడుస్తున్నాను. ఎడమ కాలికి మడమ ఎత్తు చేయించిన చెప్పు, కుడి చేతిలో కర్ర. మా వీధి పిల్లలు నన్ను చూసి "టక్కుటక్కు మామ్మగారొస్తున్నారు" అని నవ్వుకుంటారు. ముప్ఫై నాలుగేళ్లకే మామ్మనైపోయాను. తిట్టాలనిపిస్తుంది, కాని ఆ శబ్దం నేనే చేస్తున్నాను కదా అనుకుని ఊరుకుంటాను.

రాజమండ్రిలో ఎముకల డాక్టరుగారి వరండాలో బల్లల మీద ఏడాది పైగా కూర్చున్నాను. అక్కడికొచ్చే ఆడవాళ్లు ఒకటే అడిగేవారు. "ఇన్సూరెన్సు లేని బండంటగదండీ, ఇంక మీకేం వస్తదండి?" మొదట్లో నేనూ అదే అనుకున్నాను. మా ఇంట్లో అందరూ అదే అన్నారు. ఆ బల్ల మీద ఇవాళ ఎవరు కూర్చున్నారో, వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా కోసం కూడా రాస్తున్నాను. రాయకుండా కూర్చుంటే మనసు పోయి పోయి మళ్లీ ఆ చక్రం కిందే ఆగుతోంది.

మాఘం

పాలకొల్లులో మాది కిరాణా కొట్టు. మా మామగారు పెట్టింది. ఆయన పోయాక మా బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు, గల్లాపెట్టె దగ్గర కూర్చుంటున్నారు. మా ఆయన సరుకు తూస్తారు. బావగారు మాట్లాడతారు, మా ఆయన తలూపుతారు. నేను కాపురానికొచ్చిన నాటి నుంచీ ఇదే ఏర్పాటు. చిన్న కోడల్ని గనక నేను బావగారి ఎదుట నిలబడి మాట్లాడను. తలుపు చాటు నుంచి అక్కయ్యతో అంటే, అక్కయ్య ఆయనతో అంటుంది. అక్కయ్య అంటే ఆయన భార్య, నా తోడికోడలు.

చుట్టుపక్కల పల్లెల రైతులు ఏడాది పొడవునా అరువు పట్టుకెళ్లి పంట చేతికొచ్చాక తీరుస్తారు. అందుకే కొట్టు నడిచేది సరుకు మీద కాదు, మాట మీద అని బావగారు రోజుకొక్కసారైనా అంటారు. ఆ మాటకి గుర్తు తాంబూలం. ఏడాది బేరం కుదిరినా, ఏదైనా తగువు తీరినా, తమలపాకుల్లో వక్క, రెండు అరటిపళ్లు పెట్టి చేతికిస్తారు. పుచ్చుకుంటే కట్టుబడినట్టే. తిరిగి ఇచ్చేస్తే తెంచుకున్నట్టే. మామగారి రోజుల నుంచి మా కొట్టులో తిరిగొచ్చిన తాంబూలం లేదని బావగారికి గొప్ప.

ఆ రోజు తణుకులో మా అమ్మని చూసి మధ్యాహ్నం బస్సుకి తిరిగొచ్చాను. బస్టాండు దగ్గర అప్పన్న రిక్షా ఎక్కాను. చెరకు గానుగాట కాలం. రోడ్డు నిండా తణుకు ఫ్యాక్టరీకి వెళ్లే చెరకు బళ్లు, ట్రాక్టర్లు. మా వెనక నుంచి ఒక ట్రాక్టరు దాటిపోయింది. ముందు ఇంజను దాటింది, నేను ఊపిరి పీల్చుకున్నాను. వెనక తొట్టి ఒకటుందని మరిచిపోయాను. అది ఊగి వచ్చి రిక్షాని కొట్టింది. అప్పన్న ఒక పక్కకి గెంతేశాడు. నేను రెండో పక్కకి, అంటే చక్రం పక్కకి పడ్డాను.

నొప్పి గురించి రాయలేను. నిజానికి ఆ క్షణాన నొప్పి లేదు కూడా. నా మీదకి చెరకు గడలు జలజలా రాలడం గుర్తుంది. నా చెప్పు ఎక్కడా అని అడిగానట. చెప్పు కాలికే ఉంది. కాలే ఉండాల్సిన వైపుకి లేదు.

ట్రాక్టరు వీర్రాజుగారిది. ఆయన కొడుకే నడుపుతున్నాడు. వీర్రాజుగారు పక్క ఊరి రైతు, లంకలో చెరకు తోట ఉంది. రెండు తరాలుగా మా కొట్టు ఖాతాదారు. నా పెళ్లి భోజనాలకి అరటాకులు ఆయన తోటలోంచే వచ్చాయని చెబుతారు.

ఆయన ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చారు. కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చారు. చెడ్డవాడైతే ఈ కథ రాయడం నాకు ఎంతో తేలికయ్యేది.

"తప్పు మాదేనమ్మా," అన్నారు. "కాలు బాగయ్యేదాకా నేను చూసుకుంటాను. మా పిల్లవి నువ్వు."

మరి ఇన్సూరెన్సు ఉందా అని మా ఆయన మెల్లగా అడిగారు. వీర్రాజుగారు తెల్లబోయారు. "మొదటేడు బ్యాంకోళ్లే కట్టించేరండి. రెండో ఏడు ఎవరు కడతారండి, పొలం దున్నుకునే బండికి?"

ఆయన ఆ మాట నిజంగానే నమ్మి అన్నారు. ఆ పల్లెల్లో అందరూ అలాగే నమ్మేవారు. బీమా అనేది బస్సులకీ లారీలకీనట, నాగలి కట్టే ట్రాక్టరుకి కాదట.

పోలీసులొస్తే మా బావగారు చేతులు జోడించి "మాలో మేం చూసుకుంటామండి" అన్నారు. అయినా చెరకంతా రోడ్డు మీద పడి బస్సులు ఆగిపోయాయి గనక స్టేషన్లో కేసు రాసుకోక తప్పలేదు. ఆ కేసు కాగితమే తరవాత కోర్టులో పనికొచ్చింది, అంటే ఆ చెరకే నాకు అక్కరకొచ్చింది.

మర్నాడు నన్ను టాక్సీలో రాజమండ్రి తీసుకెళ్లారు. నా గాజులు, గొలుసు ఆ మొదటి ఆపరేషనుకే సరి. నేను మత్తులో ఉన్న ఆ రోజునే, కొట్టు అరుగు మీద నలుగురు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి వీర్రాజుగారు మా బావగారి చేతిలో తాంబూలం పెట్టారు. ఒప్పందం ఏమిటంటే, ఫ్యాక్టరీ నుంచి చెరకు డబ్బు రాగానే మిగిలిన వైద్యమంతా ఆయనది. కోర్టు, కచేరీ మాట మా వాళ్లు ఎత్తకూడదు. బావగారు పుచ్చుకున్నారు.

విరిగింది నా కాలు. కట్టుబడింది ఆయన.

చైత్రం, ఆ తరవాత

ఉగాది పచ్చడి మంచం మీదే నాలిక్కి రాసింది అమ్మ. తణుకు నుంచి వచ్చి నా దగ్గరే ఉండిపోయింది. కట్టు కట్టిన కాలు తలగడల మీద, నేను దాని కింద. అవును, అలాగే అనిపించేది. ఇంట్లో అందరూ కాలు ఎలా ఉందని అడిగేవారు. నువ్వెలా ఉన్నావని ఎవరూ అడిగేవారు కాదు.

కట్టు లోపల్నుంచి వాసన మొదలైంది. మొదట నాకొక్కదానికే తెలిసింది. సాంబ్రాణి ఎక్కువ వెయ్యమని అమ్మతో చెప్పాను. తరవాత అమ్మకి తెలిసింది. తరవాత మా ఆయన గదిలోకి వచ్చి కిటికీ తెరిచారు. మా పాప మాత్రం "అమ్మా, నీ దగ్గర పడుకోను" అంది. పసిపిల్ల, ఉన్న మాట అంది. ఆ రోజు నేను అన్నం తినలేదు.

రాజమండ్రికి తిరగడం మొదలైంది. టాక్సీకి స్తోమతు లేక బస్సులో, వెనక సీటు మొత్తం నాకిచ్చి పడుకోబెట్టి తీసుకెళ్లేవారు. కండక్టరు ఒకతను నేనెక్కినప్పుడల్లా "పాలకొల్లు అమ్మగారొచ్చేరండి, వెనకాల కాళీ చెయ్యండి" అని అరిచేవాడు. ఒక్క ప్రయాణికుడు కూడా కాదనలేదు. అలాంటివి మరిచిపోకూడదు.

డాక్టరుగారి వరండాలో నా పక్కన ఒకావిడ కూర్చునేది. ఉప్పుచేపలు అమ్ముకునే మనిషి, సముద్రం ఒడ్డున ఉండే పల్లె. మొగుడు పడవ మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడట. నన్ను చూసి జరిగి కూర్చుంది.

"మీరు కోమట్లు గదాండీ, మా కాడ నీసు వాసనొస్తదేమోనని," అంది.

"నా కాలి వాసన ముందు నీ చేప ఎంతమ్మా," అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. చాలా రోజుల తరవాత అదే నవ్వడం. బల్ల మీద కాలు చాపడానికి చోటు లేకపోతే తన ఒళ్లో పెట్టుకుంది. ఆ తరవాత ప్రతిసారీ నా కాలు ఆవిడ ఒళ్లోనే. మా కులంలో ఎవరైనా చూస్తే ఏమంటారో అని అమ్మ అటూ ఇటూ చూసేది. చివరికి అమ్మే ఆవిడకి అరటిపండు ఒలిచి పెట్టడం నేర్చుకుంది.

చెరకు డబ్బు రాలేదు. రైతులందరికీ ఆలస్యమే అయిందట ఆ ఏడు. వీర్రాజుగారు రెండుసార్లు మందులకి ఎంతో కొంత పంపారు. మూడోసారి కొబ్బరికాయలు పంపారు. నాలుగోసారి మనిషే రాలేదు.

జ్యేష్ఠం

తొలకరి పడ్డ రోజుల్లో డాక్టరుగారు కట్టు విప్పి చాలాసేపు చూశారు. తరవాత చేతులు కడుక్కుంటూ మాట్లాడారు. చేతులు కడుక్కుంటూ మాట్లాడే డాక్టరు మంచి మాట చెప్పడని అప్పటికి నాకు తెలిసిపోయింది.

ఎముక అతకలేదు. చీము ఎముక దాకా వెళ్లింది. ఇంకో ఆపరేషను చేసి, తుంటి ఎముకలోంచి ముక్క తీసి అతికించి, రాడ్డు వెయ్యాలి. ఆ రాడ్డు మద్రాసు నుంచి తెప్పించాలి. ఏ ఆసుపత్రిలో చేసినా అదీ, నెలల తరబడి ఇంజక్షన్లూ మేమే కొనుక్కోవాలి. అప్పటిదాకా గాటు పెట్టి చీము తీస్తూ నెట్టుకురావచ్చు. చలికాలం దాటితే మాత్రం మోకాలి పైదాకా తీసెయ్యక తప్పదు.

తీసెయ్యడం అంటే ఏమిటో అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది.

ఆయనే అడిగారు. "ఆ ట్రాక్టరాయన మీద కేసు వేశారా?"

"బండికి ఇన్సూరెన్సు లేదండి," అన్నారు మా ఆయన.

"ఇన్సూరెన్సు లేకపోతే ఓనరు లేడా?" డాక్టరుగారికి కోపం వచ్చింది. "ముందు ప్లీడరు దగ్గరికి వెళ్లండి. గడువు దాటిపోతుంది."

తిరుగు ప్రయాణంలో బస్సు గోదావరి వంతెన ఎక్కింది. కొత్త నీరు ఎర్రగా ఉంది. ఆ నీళ్లకేసి చూస్తుంటే నాకొక ఆలోచన వచ్చింది. ఏం ఆలోచనో రాయనక్కరలేదు. అమ్మ నా మొహం చూసింది. వంతెన దిగేదాకా నా జబ్బ పట్టుకునే ఉంది. వేలి గుర్తులు పడ్డాయి. మీలో ఎవరికైనా ఆ ఆలోచన వస్తే పక్కనున్నవాళ్లతో అనేయండి, లోపల దాచుకోకండి. నేను ఆ సాయంత్రమే అమ్మతో అన్నాను. అంటే సగం తగ్గింది.

మా ఆయన బావగారికి చెప్పకుండా నరసాపురం వెళ్లి ఒక ప్లీడరుగారిని కలిశారు. తలూపడం తప్ప ఎరగని మనిషి, ఆ ప్రయాణానికి ఎంత ధైర్యం కూడగట్టుకున్నారో నాకు తెలుసు. వచ్చి మంచం పక్కన కూర్చుని ఆయన చెప్పినదంతా అప్పజెప్పారు.

బీమా ఉంటే కంపెనీ ఇస్తుంది. లేకపోతే బండి సొంతదారు ఇవ్వాలి. బీమా లేదన్న కారణంగా మన హక్కు పోదు, వసూలు చేసుకోవడమే కష్టం. ఏలూరులో ఇలాంటి కేసులు చూసే ట్రిబ్యునల్ ఉంది. అక్కడ తీర్పొస్తే, ఇవ్వనివాళ్ల దగ్గర భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టే కలెక్టరు ద్వారా రాబట్టవచ్చు. తప్పెవరిదో పూర్తిగా తేలకముందే, శాశ్వతంగా అవిటితనం వచ్చినవాళ్లకి కొంత మొత్తం ఇప్పించేలా చట్టం ఈమధ్యనే మార్చారట. ఆ మొత్తం వస్తే నా ఆపరేషను అవుతుంది. కాని ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వెయ్యాలి. అంటే శ్రావణం దాటకూడదు.

"మరి తాంబూలం సంగతి?" అన్నాను.

"అదీ అడిగేను. రాజీ అయిపోయిందని వాళ్లు వాదించొచ్చట. కాస్త జాగర్తగా ఉండమన్నారు."

బావగారికి తెలిసింది. కొట్టులోంచి ఇంట్లోకి వచ్చి, నా గది గుమ్మం బయట నిలబడి, అక్కయ్యతో అంటున్నట్టు అన్నారు. "నేను పుచ్చుకున్న తాంబూలం నా బొందిలో ప్రాణముండగా తిరిగివ్వను. రేపు వీర్రాజు మీద కోర్టుకెక్కితే ఆ ఊళ్లో ఒక్కడు మన గుమ్మం ఎక్కడు. కొట్టు మూసుకుని అందరం అడుక్కుతినాలా? ఆయన ఇస్తానన్నాడు, ఇస్తాడు. కోర్టుకే వెళ్లేటట్టయితే ఎవరి పొయ్యి వాళ్లు పెట్టుకోండి."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆ ఊరు తప్పుకుంటే కొట్టు సగం ఖాళీ. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాని నూతిలో పడబోయేది ఒక్క నా కాలే అన్న సంగతి ఆ లెక్కలో ఎక్కడా లేదు. కాపురానికొచ్చాక మొదటిసారి నేరుగా ఆయనతో మాట్లాడాను.

"బావగారండీ, తాంబూలం మీరు పుచ్చుకున్నారు. కాలు ఎవరిదండీ?"

గుమ్మం బయటి నుంచి చెప్పుల చప్పుడు కొట్టు వైపు వెళ్లిపోయింది. వారం తిరక్కుండా వెనక వసారాలో మాకు వేరే పొయ్యి వెలిసింది.

శ్రావణం

కాగితాలన్నీ తయారు. మర్నాడు మా ఆయన ఏలూరు వెళ్లి దాఖలు చెయ్యాలి. నాకు మాత్రం ఒకటే గుచ్చుకుంటోంది. మా మామగారి కొట్టు కోడల్ని నేను. చాటున కేసు వేసి, ఆ ఇంటికి కాగితం పంపడం నాకు చేతకాలేదు. తాంబూలం పుచ్చుకున్నాక తెంచుకోవాలంటే ఎదురుగా వెళ్లి తిరిగివ్వాలి. బావగారు ఇవ్వరు. ఇక మిగిలింది నేనే.

"పిచ్చిదానా, ఈ కాలేసుకునా?" అంది అమ్మ.

"ఈ కాలు కోసమేగా," అన్నాను.

అప్పన్న రిక్షాలోనే వెళ్లాను. ఆ ప్రమాదం తరవాత అతని రిక్షా ఎక్కడం అదే మొదలు. దారి పొడవునా వెనక్కి తిరిగి "బయపడకండమ్మా, పక్కనే ఎల్తన్నాను" అంటూనే ఉన్నాడు. ఏ బండి చప్పుడు విన్నా నా ఒళ్లు బిగుసుకుపోయింది.

వీర్రాజుగారు ఇంట్లో లేరు, తోటకి వెళ్లారు. వాళ్లావిడ మంగాయమ్మగారు తలంటుకుని, పసుపు రాసుకుని, పూజ ముగించి లేచినట్టున్నారు. చంకకర్రల మీద నన్ను చూసి అరుగు దిగి వచ్చారు. అరుగు మీద కూర్చోబెట్టి, కాలి కింద పీట వేశారు. అప్పన్న రిక్షాలోంచి తెచ్చిన పళ్లెం అందుకుని, తమలపాకులు, వక్కలు, కొబ్బరికాయ, అరటిపళ్లు అరుగు మీద పెట్టాను.

"మాఘమాసంలో మీవారు మా బావగారికిచ్చిన తాంబూలం అండి. తిరిగి ఇచ్చేస్తున్నాను. రేపు కోర్టులో కేసు వేస్తున్నాం. చాటుగా వెయ్యడం ఇష్టం లేక చెబుతున్నాను."

ఆవిడ ఆ పళ్లెం వంక చూశారు, నా కాలి వంక చూశారు. "మా దగ్గర లేవమ్మా," అన్నారు. "నిజంగా లేవు. ట్రాక్టరు అప్పే తీరలేదు."

"నాకు కాలు తీసేస్తారండి," అన్నాను. ఇద్దరం ఏడ్చాం. ఆవిడ నా మీద కోపంతో ఏడ్చారో, జాలితో ఏడ్చారో నాకిప్పటికీ తెలియదు.

కర్రలు తీసుకుని లేవబోయాను. "ఉండమ్మా," అని ఆవిడ లోపలికి వెళ్లారు. కుంకుమ భరిణె, పసుపు, నానబోసిన శనగలు, తాంబూలం, ఒక రవికలగుడ్డ తెచ్చారు. ఆ రోజు శ్రావణ శుక్రవారం. నా కంగారులో ఆ సంగతే తట్టలేదు. వంగి నా రెండు పాదాలకీ పసుపు రాశారు. కట్టున్న కాలికి వేళ్ల చివర్న మాత్రం, నొప్పి పుట్టకుండా రాశారు. బొట్టు పెట్టి, శనగలూ తాంబూలమూ నా కొంగులో పోశారు.

వద్దనాలని నాకు తట్టలేదు. ముత్తైదువ ఇచ్చిన పసుపు కుంకుమ కాదనడం మాకు పుట్టుకతో రాదు. కళ్లకద్దుకుని పుచ్చుకున్నాను. అరుగు కింద వాళ్ల పాలేరు, పక్కింటివాళ్లిద్దరు నిలబడి చూస్తున్నారు.

మార్గశిరం

కేసు దాఖలయింది. ఆ ఊరివాళ్లు కొట్టుకి రావడం మానేశారు. బావగారు చెప్పినట్టే అయింది. పొద్దస్తమానం గల్లాపెట్టె మీద చేతులు పెట్టుకుని ఖాళీ రోడ్డు చూస్తూ కూర్చునేవారు. అక్కయ్య మా వసారా మీదుగా వెళ్తూ మొహం తిప్పుకునేది. కాని తెల్లవారి లేచేసరికి గుమ్మంలో ఒక చెంబుడు పాలు ఉండేవి. ఎవరు పెట్టారని నేనడగలేదు, తనూ చెప్పలేదు.

రెండుసార్లు గాటు పెట్టి చీము తీశారు. జ్వరం వచ్చిపోతూ ఉండేది. కాలు నాది కాదన్నట్టు నల్లబడుతోంది. ఏలూరులో వాయిదా అయి, ఇంకో వాయిదా అయింది. డాక్టరుగారు చెప్పిన చలికాలం వచ్చేసింది.

ఆ ముందస్తు మొత్తం ఇవ్వకూడదని వాళ్ల ప్లీడరు అడ్డం తిరిగాడు. మాఘంలో పెద్దల్లో రాజీ అయిందట. బావగారు తాంబూలం పుచ్చుకున్నారట. మళ్లీ శ్రావణంలో నేనే స్వయంగా వాళ్లింటికి వెళ్లి, పదిమంది చూస్తుండగా ఇంకో తాంబూలం తీసుకుని రాజీని ఖాయం చేశానట. పాలేరు వచ్చి, అవునండి, ఆవిడ తాంబూలం పుచ్చుకుని కళ్లకద్దుకోవడం చూశానని ప్రమాణం చేసి చెప్పాడు. చెప్పింది నిజమే. దాన్ని మించిన ఉచ్చు లేదు. మా ప్లీడరుగారు నా వైపు తిరిగి, "ఎందుకు తీసుకున్నారమ్మా?" అన్నారు. ఏం చెప్పను? శుక్రవారం గనక అని చెప్పనా?

కోర్టు వసారాలో నేల మీద కూర్చున్నాను. కాలు పోయిందనే అనుకున్నాను. దేవుణ్ణి కూడా ఏమీ అడగలేదు. అడిగే ఓపిక లేదు. శ్రావణ శుక్రవారం అనేది ఒకటి ఉన్నందుకు నా మొహాన నేనే ఉమ్ముకోవాలనిపించింది.

తరవాతి వాయిదాకి వాళ్ల ప్లీడరు మంగాయమ్మగారిని సాక్ష్యానికి తెచ్చాడు. తాంబూలం ఇచ్చిన మనిషే చెబితే తిరుగుండదని ఆయన ఆలోచన. ఆవిడ చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, ఎవరి వైపూ చూడకుండా బోనెక్కారు.

"శ్రావణంలో ఈవిడ మీ ఇంటికి వచ్చిందా?"

"వచ్చిందండి."

"మీరు తాంబూలం ఇచ్చారా? తీసుకుందా?"

"ఆయ్. ఇచ్చేనండి. తీసుకుంది."

ఆయన చాలన్నట్టు కూర్చున్నాడు. మా ప్లీడరుగారు లేచారు. "అమ్మా, మీరు ఇవ్వడానికి ముందు ఈవిడ మీకేమైనా ఇచ్చిందా?"

ఆవిడ వెనక బల్ల మీదున్న భర్త వైపు చూశారు. వీర్రాజుగారు తల దించుకున్నారు. జడ్జిగారు తలెత్తి, "చెప్పండమ్మా, భయం లేదు" అన్నారు.

"ఇచ్చిందండి. మావారు ఆళ్ల బావగారికిచ్చిన తాంబూలం తెచ్చి అరుగు మీద పెట్టేసింది. కోర్టుకెల్తన్నానని చెప్పి మరీ పెట్టింది."

"మరి మీరు తిరిగి ఇచ్చిన తాంబూలం దేనికి? రాజీకేనా?"

అప్పుడు ఆవిడ మొదటిసారి నా వైపు చూశారు. నా మొహం వైపు కాదు, కాలి వైపు.

"రాజీ ఏంటండి? అది శ్రావణ శుక్రవారం అండి. గడపలోకొచ్చిన ముత్తైదువని ఒట్టి చేతుల్తో పంపుతామా? పైగా మా బండి కింద పడ్డ పిల్ల. కాలెలాగూ తీసుకున్నాం, పసుపు కుంకుమైనా ఇవ్వకపోతే ఎలాగండి?"

జడ్జిగారు ఆ మాటలు రాసుకున్నారు. వాళ్ల ప్లీడరు లేచి "నేను అది అడగలేదు" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

మళ్లీ మాఘం

ముందస్తు మొత్తం ఇమ్మని ఉత్తర్వు వచ్చింది. దాన్ని కట్టడానికి వీర్రాజుగారు ట్రాక్టరు అమ్మేశారు. అది మా వీధిలోంచే కొత్త యజమానితో వెళ్లిందని మా ఆయన చెప్పారు. నేను చూడలేదు, చూడాలనీ లేదు. రాడ్డు మద్రాసు నుంచి వచ్చింది. నన్ను లోపలికి తీసుకెళ్తుంటే, వరండాలో మొగుణ్ణి డాక్టరుగారికి ఆఖరిసారి చూపించుకుపోవడానికొచ్చిన ఉప్పుచేపలావిడ నా బుగ్గలు నిమిరి, "కాలేసుకునే రండమ్మా బయటికి" అంది. కాలేసుకునే వచ్చాను.

పూర్తి తీర్పు వచ్చింది ఈమధ్యనే. చెల్లించడానికి వాయిదాలిచ్చారు. అవి సరిగా వస్తాయన్న నమ్మకం నాకు లేదు, రాకపోతే రెవెన్యూవాళ్ల చుట్టూ తిరగాలి. బావగారి కొట్టుకి పాత ఖాతాదారులు కొందరు తిరిగొస్తున్నారు. మాతో ఆయన ఇంకా మాట్లాడరు. పొయ్యిలు ఇంకా రెండుగానే ఉన్నాయి. చెంబుడు పాలు వస్తూనే ఉన్నాయి.

బల్ల మీద కూర్చున్న అమ్మలారా, బీమా లేదు గనక ఏమీ రాదని ఎవరన్నా నమ్మకండి. వస్తుంది, కాని ఆలస్యంగా, గీచిగీచి, మనుషుల్ని చీల్చి మరీ వస్తుంది. పోలీసుల్ని వెనక్కి పంపకండి. గడువు దాటనివ్వకండి. మీరు మత్తులో ఉండగా మీ తరపున తాంబూలం ఎవరూ పుచ్చుకోకూడదని ముందే చెప్పి ఉంచండి.

మొన్న కూరల బజారు నుంచి నడిచి వస్తున్నాను. ఎదురుగా వస్తున్న రిక్షా ఆగింది. అందులో మంగాయమ్మగారు. కోర్టు తరవాత ఆవిడని అదే చూడటం. మా ఇంటి వైపు తల తిప్పకుండా వెళ్తారని, నా పేరు ఎత్తరని విన్నాను. ఆ సాక్ష్యం తరవాత ఆవిడ ఇంట్లో ఏం పడ్డారో నాకెవరూ చెప్పలేదు.

రిక్షా దిగి నా ఎదురుగా నిలబడ్డారు. నేను కర్ర ఎడమ చేతిలోకి మార్చుకుని, దణ్ణం పెట్టడానికి చెయ్యెత్తాను. ఆవిడ నా మొహం చూడలేదు.

"నడువమ్మా," అన్నారు.

నాకర్థం కాలేదు.

"నాలుగడుగులు నడువు. చూస్తాను."

బజారు మధ్యలో, అందరూ చూస్తుండగా, ఆవిడ ముందు నడిచి చూపించాను. అటు నాలుగడుగులు, మళ్లీ ఇటు.

"మోకాలు వంగదా?"

"వంగదండి."

ఆవిడ తలూపి రిక్షా ఎక్కారు. కదిలాక ఒక్కసారి వెనక్కి తిరిగి, "కింద కూర్చోలేవన్నమాట. శ్రావణానికి మా ఇంటికొచ్చినప్పుడు ఎత్తు పీట మీద కూర్చో" అన్నారు.